టైటిల్ ఫైవ్ గ్రాంటు బాధ్యత కొత్తగా తీసుకున్నవారు దేనితో మొదలుపెట్టాలి?

వాసంతి, దక్షిణ టెక్సాస్ (2025 ఫిబ్రవరి)

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా గణితం బోధిస్తున్న మా కమ్యూనిటీ కాలేజీలోనే రెండు వారాల క్రితం, హిస్పానిక్ (స్పానిష్ భాషా మూలాలున్న) విద్యార్థులు ఎక్కువగా ఉన్న కాలేజీలకు అమెరికా విద్యాశాఖ ఇచ్చే టైటిల్ ఫైవ్ గ్రాంటుకు ప్రాజెక్టు డైరెక్టరుగా బాధ్యత తీసుకున్నాను. ఐదేళ్ల గ్రాంటులో ఇది రెండో సంవత్సరం. నాకు ముందున్నవారు వెళ్తూ ఒక ఫోల్డరునూ, నిధులు తీసుకునే జి6 వెబ్‌సైటుకు తమ పాస్‌వర్డునూ అప్పగించారు. మూడు ఆన్‌లైన్ శిక్షణ తరగతులకు హాజరయ్యాను గానీ, రేపు ఉదయం బల్ల ముందు కూర్చుని ముందుగా ఏ కాగితం తెరవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మా విద్యార్థుల్లో చాలామంది తమ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివారు. వారి కోసం వచ్చిన డబ్బు నా తెలియనితనం వల్ల వెనక్కి పోకూడదన్నదే నా ఆదుర్దా.

సుధాకర్, కాలిఫోర్నియా, గ్రాంట్ల అకౌంటెంటు

వాసంతి గారూ, ముందుగా ఆ పాస్‌వర్డు వాడకండి. జి6లో ఎవరి ఖాతా వారిదే. మీ పేరున కొత్తగా నమోదు చేయించుకోండి. ప్రాజెక్టు డైరెక్టరు మారడానికి విద్యాశాఖ ముందస్తు అనుమతి కావాలి కాబట్టి, గ్రాంటు మంజూరు పత్రంలో ఇప్పుడు ఎవరి పేరుందో చూడండి. పాత పేరే ఉంటే, విద్యాశాఖలో మీ గ్రాంటును చూసే ప్రోగ్రాం అధికారికి ఈ రోజే రాయండి.

ఆ తర్వాత మంజూరు పత్రాన్నీ, మీ కాలేజీ పంపిన అసలు దరఖాస్తునూ పక్కపక్కన పెట్టుకుని, మీ ఫైనాన్స్ ఆఫీసులో ఈ గ్రాంటు లెక్కలు చూసే మనిషితో కలిసి ఒక పూట కూర్చుని చదవండి. నేను చూసినంతలో దీన్ని మించిన శిక్షణ లేదు. తరగతుల్లో అందరికీ వర్తించే నియమాలే చెబుతారు. మీ కాలేజీ ఏం చేస్తానని మాట ఇచ్చిందో ఆ దరఖాస్తులోనే ఉంటుంది, అందులో లేని పనికి ఖర్చుపెట్టిన డబ్బును సమర్థించుకోవడం చాలా కష్టం.

అండర్‌గ్రాడ్యుయేట్లను పూర్తికాల లెక్కలోకి మార్చి చూసినప్పుడు కనీసం 25 శాతం హిస్పానిక్ విద్యార్థులు ఉన్న కాలేజీలు, అలాంటి విద్యార్థులకు తామందించే చదువును బలపరచుకోవడానికి ఇచ్చే డబ్బు ఇది. కాలేజీ రోజువారీ ఖర్చులకు ఇచ్చేది కాదు. అందుకే 34 సి.ఎఫ్.ఆర్. (అమెరికా ప్రభుత్వ నిబంధనల సంకలనం) 606లో కూడని ఖర్చుల జాబితా ఒకటి ఉంది: విద్యార్థులను చేర్చుకునేందుకు ఇచ్చే ప్రకటనలు, మామూలు ఆఫీసు ఫర్నిచరు, క్యాటలాగులో ఎప్పటినుంచో ఉన్న కోర్సుల బోధన, పరోక్ష ఖర్చులు (కరెంటు, పరిపాలన లాంటి ఉమ్మడి ఖర్చుల్లో వాటా). ఆ ఒక్క పేజీని ప్రింటు తీసి గోడకు అంటించుకోండి.

రఘురాం, న్యూ మెక్సికో

సుధాకర్ గారు చెప్పినదానికి జీతాల సంగతి కూడా కలపాలి, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది అక్కడే. నేను పనిచేసిన ఒక కాలేజీలో విద్యార్థులకు సలహాలిచ్చే ఉద్యోగిని ఒకరి జీతంలో 60 శాతం గ్రాంటు మీద పడేది. ఆమె పని సమయాన్ని ధ్రువీకరించే పత్రాలు సెమిస్టరు చివర నా బల్ల మీదికి వచ్చేవి, నేను సంతకం చేసేవాడిని. ఆడిటరు ఆ పత్రాలన్నింటినీ బల్ల మీద వరుసగా పరిచి చూపించారు: ఐదు నెలలకూ ఒకే సిరా, ఒకే తేదీ, అన్నింటిలోనూ 60. పక్కనే ఆ సెమిస్టరు టైంటేబుల్ పెట్టారు. అందులో గ్రాంటుతో సంబంధం లేని రెండు కాలేజీ తరగతుల బోధన ఆమె పేరున ఉంది. ఆమె తప్పేమీ లేదు; రోజుకు పది గంటలు పనిచేసిన మనిషి. బడ్జెట్లో రాసుకున్న శాతాన్నే జరిగిన పనిగా సంతకం పెట్టిన తప్పు నాది. బడ్జెట్ అంచనా ఒక్కటే జీతానికి ఆధారం కాదని 2 సి.ఎఫ్.ఆర్. 200.430లో స్పష్టంగా ఉంది. ఆ వాక్యం నాకు మొదటి వారంలోనే ఎవరైనా చూపించి ఉంటే, కాలేజీ ఆ డబ్బు తిరిగి కట్టవలసిన అవసరం వచ్చేది కాదు. ఇప్పుడు నెల నెలా పనిచేసిన మనిషితో మాట్లాడిన తర్వాతే సంతకం పెడుతున్నాను.

పద్మజ, ఫ్లోరిడా

నేను అమెరికా రాకముందు గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో యూజీసీ నిధుల వినియోగ ధ్రువపత్రాలు తయారుచేసేదాన్ని. మార్చి నెలాఖరు వచ్చేసరికి మిగిలినదంతా ఖర్చుచేసెయ్యాలన్న అలవాటు నాతోపాటు ఇక్కడికీ వచ్చింది. ఇక్కడ మిగిలిన నిధులను, శాఖ వద్దని చెప్పకపోతే, తర్వాతి సంవత్సరంలో వాడుకోవచ్చు. అయితే ఎందుకు మిగిలాయో, ఎలా వాడతారో అడిగితే రాతపూర్వకంగా చెప్పాలి. గ్రాంటు సంవత్సరం ముగిసే సెప్టెంబరులో హడావిడిగా కంప్యూటర్లు కొనడం కన్నా ఆ వివరణ రాయడమే మేలు. ఒక వస్తువును ‘పరికరం’గా లెక్కించే ధర పరిమితి 2024 అక్టోబరు 1 నుంచి 5,000 డాలర్ల నుంచి 10,000కు పెరిగింది గానీ మీ కాలేజీ నిబంధన ఇంకా 5,000 దగ్గరే ఉండవచ్చు, అడిగి తెలుసుకోండి.

సుధాకర్

పద్మజ గారి మాట నిజం. ఒకటి మరిచాను: హెచ్.ఎ.సి.యు. అని 1986లో శాన్ ఆంటోనియోలో మొదలైన హిస్పానిక్ కాలేజీల సంఘం ఉంది, దాని వార్షిక సమావేశానికి వీలైతే వెళ్లండి. ప్రసంగాల కన్నా, మీలాంటి గ్రాంటే నడుపుతున్న పక్క కాలేజీ మనిషి ఫోన్ నంబరు అక్కడ దొరకడం ముఖ్యం.

వాసంతి (2025 సెప్టెంబరు 28)

ఫిబ్రవరిలో మీరు చెప్పినవన్నీ చేశాను. ఫైనాన్స్ ఆఫీసు ఆవిడతో ఒక పూట అనుకున్నది మూడు పూటలైంది. పేరు మార్పుకు అనుమతి వచ్చింది. పని సమయం పత్రాలు నెలవారీ అయ్యాయి.

ఈ నెల 10న విద్యాశాఖ హిస్పానిక్ కాలేజీలతో సహా పలు మైనారిటీ విద్యా సంస్థల గ్రాంట్లకు ఇచ్చే సుమారు 35 కోట్ల డాలర్ల విచక్షణాధీన (ఇవ్వడం శాఖ నిర్ణయం మీద ఆధారపడే) నిధులను ఆపుతున్నట్టు ప్రకటించింది. మా గ్రాంటుకు మూడో సంవత్సరం నిధుల కొనసాగింపు ఆగిపోయింది. గణితం ట్యూటరింగ్ కేంద్రంలో పనిచేసే ఇద్దరికి ఈ మాట చెప్పవలసి వచ్చిన రోజు నాకు చాలా బాధ కలిగింది. వారిలో ఒకరు ఆ కేంద్రంలోనే చదువుకుని పైకి వచ్చిన అమ్మాయి.

కొత్తవారి శిక్షణలో గ్రాంటు ముగింపు గురించి ఎక్కడా చెప్పరు, అది చెప్పి తీరాలి. గ్రాంటు గడువు ముగిసిన 120 రోజుల్లోగా తుది నివేదికలు వెళ్లాలి. సెప్టెంబరు 30 నుంచి లెక్కిస్తే మాకది జనవరి 28. తుది ఆర్థిక నివేదిక పంపిన తర్వాత మూడేళ్లు కాగితాలు భద్రపరచాలి. రఘురాం గారూ, మీరు ఇలాంటి ముగింపు ఒకటి నడిపారని విన్నాను. సెప్టెంబరు 30 లోపు ఆర్డరు పెట్టి సరుకు అక్టోబరులో అందుతున్న వాటికి మీరు ఏ పత్రాలు జతచేశారు?

రఘురాం

ఆర్డరు తేదీ ఉన్న కొనుగోలు పత్రం, సరుకు అందిన రసీదు, అది గ్రాంటు కాలంలో చేసిన పనికే అవసరమని మీరు రాసిన ఒక పేరా. చివరిదే ముఖ్యం: అక్టోబరులో ఆ పనే జరగకపోతే, ఆర్డరు ముందే పెట్టామన్న మాట నిలవదు. అందుకే వాడకం ఉండదనుకున్న ఆర్డర్లను ఈ రెండు రోజుల్లోనే రద్దు చేయించండి. జాబితా పంపితే ఈ రాత్రి కలిసి చూద్దాం.