2008 జార్జియా యుద్ధం: తప్పెవరిదంటే ఏం చెప్పాలి?

మాది దిల్‌సుఖ్‌నగర్. తమ్ముడు జార్జియా రాజధాని టిబిలిసిలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. వాడి మాట వచ్చి, మొన్న ఆదివారం భోజనాల దగ్గర మా బాబాయి, బావ 2008లో రష్యాకీ జార్జియాకీ జరిగిన యుద్ధం మీద వాదనకు దిగారు. పప్పుచారు చల్లారింది గానీ గొడవ చల్లారలేదు.

"ఆగస్టు 7 రాత్రి, జార్జియా నుంచి విడిపోతామన్న దక్షిణ ఒసేతియాలోని త్స్ఖిన్వలి ఊరి మీద ఫిరంగులు పేల్చింది జార్జియానే కదా" అంటారు బాబాయి. "అంతకు ముందే అక్కడివాళ్లకి రష్యా పాస్‌పోర్టులు ఎందుకు పంచినట్టు?" అని బావ.

యూరోపియన్ యూనియన్ తరఫున స్విస్ దౌత్యవేత్త హైదీ తల్యావీని బృందం 2009లో ఇచ్చిన నివేదిక చూశాను. జార్జియా దాడికి చట్టపరంగా సమర్థన లేదంది. రష్యా కూడా ఆత్మరక్షణ హద్దు దాటిందంది. వీళ్లిద్దరూ తమకు నచ్చిన సగం పట్టుకుని "చూశావా!" అంటున్నారు.

నా సందేహం ఇది. మొదట కాల్చినవాడి తప్పునీ, ఏళ్ల తరబడి రెచ్చగొట్టినవాడి తప్పునీ ఒకే తూకంలో వేయొచ్చా? అసలు ఉద్దేశం ఏమిటన్నది ఏ ఆధారాలతో తేలుస్తారు? అంతర్జాతీయ చట్టం చదివినవాళ్లుంటే కాస్త వివరించండి. తెలుగులో అయితే మరీ మంచిది, బాబాయి ఇంగ్లిష్ చదవరు. వచ్చే ఆదివారం మళ్లీ వస్తున్నారు, అదీ నా టెన్షన్.