తొలివాన పడ్డ మర్నాడే చెరువులో చేపలు ఎందుకు తేలుతున్నాయి?

గట్టుమీద_గస్తీ:
బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ల వెనకాల చెరువుంది. నెలనెలా నీటిని పరీక్ష చేద్దామని నలుగురం కలిశాం. మార్చి, ఏప్రిల్‌లో మధ్యాహ్నం కిట్‌తో చూస్తే డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) లీటరుకు 10 మి.గ్రా. దాటింది. నీళ్లు పచ్చగా ఉన్నా ఆక్సిజన్‌కి లోటు లేదనుకున్నాం. మే నెలలో గట్టి వాన ఒకటి పడగానే తెల్లారేసరికి చేపలు తేలాయి. వాననీళ్లు కలిస్తే మురికి పలచబడాలి కదా? ఎప్పుడు, ఎక్కడ, ఏమేం కొలవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ల్యాబ్_మనిషి:
10 దాటిందంటే సంబరపడకండి, జబ్బుకి అదే గుర్తు. 30 డిగ్రీల నీటిలో గాలి నుంచి కరిగే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గరే సుమారు 7.5 మి.గ్రా. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ ఇంకో పదోవంతు తక్కువ. ఆ పైన కిట్ చూపించిందంతా నాచు ఎండలో తయారుచేసిన ఆక్సిజన్. రాత్రయితే ఆ నాచే దాన్ని పీల్చేసుకుంటుంది. అందుకని పొద్దుపొడవకముందు ఒకసారి, అదే రోజు మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య మరోసారి చూడండి. చేపలకు సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) ‘డి’ తరగతి లెక్కన 4 మి.గ్రా. కంటే తగ్గకూడదు. మీకు కావలసింది తెల్లవారుజాము అంకె.

ఇక వాన. ఎండాకాలమంతా రాజకాలువల్లో (వాననీటిని చెరువులకు చేర్చే పెద్ద కాలువలు) మురుగు నిలిచి అడుగున నల్లబురద పేరుకుంటుంది. తొలివాన దాన్నంతా ఒక్క ఊపున చెరువులోకి తోస్తుంది. మబ్బు పట్టడంతో నాచు పని ఆగుతుంది. చల్లటి వాననీరు బరువు కాబట్టి కిందికి దిగి, అడుగున ఆక్సిజన్ లేని నీటిని పైకి లేపుతుంది. ఇవన్నీ ఒకే రాత్రి జరుగుతాయి. పలచబడేది సెప్టెంబరు, అక్టోబరు వానలకి, అదీ కాలువలు కడిగేశాక.

టైట్రేషన్_రావు:
పచ్చనీళ్లలో కిట్ రంగుని నమ్మొద్దండీ, వింక్లర్ పద్ధతి (రసాయనాలు కలిపి డీఓ కొలిచేది) చేసుకోండి. బీఓడీ (మురుగు కుళ్లేటప్పుడు ఖర్చయ్యే ఆక్సిజన్) పరీక్షకి వాడే 300 మి.లీ. సీసాను నీళ్లలో ముంచి బుడగ లేకుండా నింపాలి. బకెట్‌తో తోడి పోస్తే గాలి కలిసి రీడింగ్ పెరుగుతుంది. గట్టుమీదే మాంగనీస్ సల్ఫేట్ 2 మి.లీ., ఆల్కలీ అయోడైడ్ అజైడ్ 2 మి.లీ., పిపెట్ కొన నీటిలో ఉంచి వదలండి. గోధుమరంగు అవక్షేపం వస్తే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉంటే లేనట్టే. అది సగానికి దిగాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 మి.లీ. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా దాని జోలికి వెళ్లొద్దు.

తర్వాత 203 మి.లీ. తీసుకుని 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తే (చుక్కచుక్కగా కలుపుతూ ఎంత పడుతుందో చూస్తే), పట్టిన ఒక్కో మి.లీ.కి లీటరుకు ఒక మి.గ్రా. డీఓ. సీసాలోది లేత పసుపుకి వచ్చాకే గంజి ద్రావణం వేయాలి, అప్పుడు నీలంగా మారుతుంది. నీలం మొదటిసారి పోయినచోట ఆగండి, కాసేపటికి మళ్లీ వస్తే పట్టించుకోనక్కర్లేదు. థయో పాతబడి బలం తగ్గితే ఎక్కువ పడుతుంది, లేని ఆక్సిజన్ ఉన్నట్టు కనిపిస్తుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

అలుగు_కింద:
పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం), అమ్మోనియా వదిలేశారు. 30 డిగ్రీల్లో పీహెచ్ 8 అయితే మొత్తం అమ్మోనియాలో విషపు రూపం 7, 8 శాతం. పీహెచ్ 9కి వెళితే దాదాపు 45 శాతం. నాచు పట్టిన చెరువులో ఎండవేళ 9 దాటడం మామూలే. చేపలు తెల్లవారుజామున చస్తే ముందు ఆక్సిజన్‌ని, మిట్టమధ్యాహ్నం చస్తే అమ్మోనియాని అనుమానిస్తాను.

చోట్లు: కాలువ కలిసే మూల, చెరువు నడుమ, అలుగు. గుర్రపు డెక్క కింద వేరే సీసా తీయండి, అక్కడ డీఓ బాగా పడిపోతుంది. బెళ్లందూరు, వర్తూరు చెరువుల నురగ తెలిసిందే: డిటర్జెంట్లు బురదకి అంటుకుని ఉండి, వానలకి కదిలి, అలుగు దూకేచోట పొంగుతాయి. డిటర్జెంట్ల పరీక్ష వాన తర్వాత అలుగు దిగువన చేయించాలి.

గట్టుమీద_గస్తీ:
బీఓడీ బయట ల్యాబ్‌కి ఇవ్వొచ్చా? నెలకోసారి చాలా?

ల్యాబ్_మనిషి:
ఇవ్వొచ్చు. ఐసుపెట్టెలో, చీకట్లో, అదే రోజు చేరాలి. 27 డిగ్రీల్లో 3 రోజులా, 20 డిగ్రీల్లో 5 రోజులా, ఏ పద్ధతో రిపోర్టులో రాయించుకోండి, మధ్యలో మార్చొద్దు. నెలకోసారి చలికాలానికి చాలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వారానికొకటి, దానికితోడు గట్టి వాన పడ్డ ప్రతిసారీ మర్నాటి తెల్లవారుజామున ఒకటి.