జపాన్ వాళ్ళ "షో గ నై" అంటే మన "ఏం చేస్తాంలే" లాంటిదేనా?

నిషికసాయ్_కుర్రాడు:
టోక్యో వచ్చి ఎనిమిది నెలలైంది, రోజూ చెవిన పడే మాట "షో గ నై". మొన్న అమ్మానాన్నల్ని క్యోటో తీసుకెళ్దామని టికెట్లు తీసుకున్నా, తుఫాను వస్తోందని ముందురోజే షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఆపేస్తున్నామని చెప్పేశారు, నాకేమో కడుపు మండిపోతుంటే ముందున్న పెద్దావిడ "షో గ నై నే" అనుకుంటూ రిఫండ్ తీసుకుని వెళ్ళిపోయింది, కౌంటర్ దగ్గర ఒక్కరు కూడా గొడవ పడలేదు. ఆ పద్ధతి నాకు భలే నచ్చింది. తర్వాతి వారం ఆఫీసులో నా టెస్టింగ్ లేటైతే సీనియర్‌తో నేనూ అదే మాట అన్నా. ఆయన ఏమీ అనలేదు గానీ మొహం మారిపోయింది. ఏం తప్పు మాట్లాడాను?

ఒసాకా_అక్క:
తమ్ముడూ, తుఫాను ఎవరి చేతిలోనూ లేదు, టెస్టింగ్ నీ చేతిలోనే ఉంది కదా. మన వల్ల లేటైతే ముందు "మోషివకే అరిమసెన్" (క్షమించండి) అని, ఎప్పటికి పూర్తిచేస్తామో చెప్పాలి, ఆ తర్వాత "షో గ నై" అనాలో వద్దో ఆయనిష్టం. పూర్తి మాట "షికత గ నై". "షి" అంటే చేయడం, "కత" అంటే తీరు, "నై" అంటే లేదు. చేసే తీరు లేదు! అదే వరసలో తెలుగులోకి వచ్చేస్తుంది చూడు. "షియో గ నై" అరిగి "షో గ నై" అయింది, ఇది కొంచెం చనువుగా ఉంటుంది. మా కింద ఇంటావిడ కొడుకు పాలు ఒలకబోస్తే "షో గ నై నా" అంటూనే తుడుస్తుంది, అందులో నిరాశ ఎక్కడుంది, అంతా ముద్దే.

బే_ఏరియా_బాబాయ్:
నేను ఈ మాట విన్నది కాలిఫోర్నియాలో, రెండో ప్రపంచ యుద్ధమప్పుడు జపాన్ మూలాల వాళ్ళని నిర్బంధించిన మంజనార్ క్యాంపు చూడ్డానికి వెళ్ళినప్పుడు. 1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066 ఆర్డర్ మీద సంతకం పెట్టాక సుమారు 1,20,000 మంది జపాన్ మూలాల వాళ్ళని క్యాంపుల్లో పెట్టారు, అందులో ఎక్కువమంది అమెరికా పౌరులే, ఇళ్ళూ షాపులూ వచ్చినకాడికి అమ్ముకుని మోయగలిగినంత సామానుతో వెళ్ళారు. అప్పుడు పెద్దవాళ్ళు అనుకున్న మాట "షికత గ నై". అలా అని చేతులు ముడుచుకుని కూర్చోలేదు, ఆ దుమ్ములోనే తోటలు వేశారు, చిన్న చిన్న చెరువులు కట్టుకున్నారు, ఆ రాళ్ళు చూస్తే నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. అందరూ సర్దుకోలేదు కూడా. ఫ్రెడ్ కొరెమత్సు వెళ్ళనని ఎదురు తిరిగాడు, 1944లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు, ఆ శిక్ష 1983లో గానీ కొట్టేయలేదు. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్నవాళ్ళకి తలా 20,000 డాలర్లు ఇస్తామని చట్టం చేసింది.

ఒసాకా_అక్క:
బాబాయ్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. 2007 జూన్ 30న రక్షణ మంత్రి ఫుమియో క్యూమా, ఆయనది నాగసాకి ప్రాంతమే, అణుబాంబుల గురించి చెబుతూ యుద్ధం దాంతో ముగిసింది కాబట్టి "షో గ నై" అనుకుంటున్నానన్నాడు. బాంబు బాధితుల నుంచి ఎంత కోపం వచ్చిందంటే జూలై 3కల్లా రాజీనామా చేశాడు. ఎవరి కష్టం గురించి అంటున్నామో చూసుకోకపోతే ఈ మాట అంత గుచ్చుకుంటుంది.

నిషికసాయ్_కుర్రాడు:
అక్కా, ఇప్పుడర్థమైంది, సీనియర్‌కి నా లేటు వల్ల వీకెండ్ పోయింది. వారమైంది, ఇప్పుడు సారీ చెప్తే బాగుంటుందా?

ఒసాకా_అక్క:
చెప్పు, పొద్దున్నే మీటింగ్ మొదలవకముందే వెళ్ళు. టెస్టింగ్ ఏ రోజుకి అయిపోతుందో తేదీ కూడా చెప్పు.