పాత ఐ7-6700 మీద 4కె ఎడిటింగ్: ఇంకా డబ్బు పెట్టొచ్చా, పక్కన పెట్టేయాలా?

తెనాలి_కెమెరా:
పెళ్లిళ్ల వీడియోలు తీస్తుంటాను. ఈ మధ్యే సోనీ ఏ7 ఫోర్ కొన్నాను. ఎడిటింగ్ మాత్రం ఇంకా 2016లో కట్టించుకున్న డెస్క్‌టాప్ మీదే. ఐ7-6700, హెచ్110 బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ప్రీమియర్‌లో ప్లే నొక్కితే బొమ్మ జీలకర్ర బెల్లం దగ్గరే ఆగిపోయి ఉంటుంది, సౌండేమో తాళి కట్టే మేళం దాకా వెళ్లిపోతుంది. ఒక షాపులో "ఇది 4కె కార్డు సార్" అని జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు అంటగట్టారు. ఇసుమంత తేడా లేదు. చేతిలో 30 వేలున్నాయి. దీనికే పెట్టనా, దాచుకుని కొత్తది కొననా?

రాత్రి_రెండర్:
దీనికే పెట్టండి అన్నా. ఎస్ఎస్‌డీ ఒకటి, ర్యామ్ 16 చెయ్యండి, ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డులో 6 జీబీది వెయ్యండి. అది 70 వాట్లే, విడిగా పవర్ కేబుల్ అడగదు, పాత ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) మీదే నడుస్తుంది. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు ఉన్న ప్రాసెసర్‌ని చెత్తబుట్టలో వేయమనేవాళ్లు అమ్మేవాళ్లే.

సీటీసీ_రెగ్యులర్:
తమ్ముడూ, మందు రాసేముందు నాడి చూడు. తెనాలి గారూ, కెమెరాలో ఏ ఫార్మాట్ పెట్టారు? ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్ తెరవండి. సీపీయూ ఎంత, డిస్క్ ఎంత, జీపీయూ పేజీలో వీడియో డీకోడ్ అనే గ్రాఫ్ ఎలా ఉందో చెప్పండి.

తెనాలి_కెమెరా:
ఎక్స్ఏవీసీ హెచ్ఎస్, 50 ఫ్రేములు, 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా ఉంచే సెట్టింగ్). సీపీయూ 100కి అతుక్కుపోయింది. డిస్క్ 20 దాటట్లేదు. డీకోడ్ గీత నేల మీద పడుకుంది.

సీటీసీ_రెగ్యులర్:
అనుకున్నదే. మీ ఫైల్ సెకనుకు 200 మెగాబిట్లు, అంటే 25 మెగాబైట్లు. పాత హార్డ్ డిస్క్ కూడా అంత ఇవ్వగలదు. ఎస్ఎస్‌డీ వేస్తే విండోస్ చకచకా లేస్తుంది, ప్రీమియర్ తొందరగా తెరుచుకుంటుంది, బొమ్మ మాత్రం అక్కడే ఆగుతుంది. మీ ఎక్స్ఏవీసీ హెచ్ఎస్ ఫైల్ హెచ్.265 అనే పద్ధతిలో కుదించి ఉంటుంది, అసలు భారం దాన్ని విప్పడం (డీకోడ్). ఒక ఫ్రేమ్ చూపించాలంటే దాని ముందూ వెనకా ఫ్రేములు కూడా విప్పాలి. ఆ పనికి చిప్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉండాలి. మీ ఐ7-6700 లాంటి 6వ తరం ఇంటెల్‌లో 8 బిట్ వరకే ఉంది. జీటీ 710లో హెచ్.265కి అసలు లేదు, 4కె టీవీకి బొమ్మ పంపగలదు కాబట్టి దాన్ని 4కె కార్డు అన్నారంతే.

ఇక తమ్ముడు చెప్పిన 3050. ఫోన్‌లో తీసిన, రంగుల వివరం తక్కువుండే 4:2:0 వీడియోకి బ్రహ్మాండం. కానీ 4:2:2ని అది కూడా విప్పలేదు. ఎన్విడియాలో ఆ సదుపాయం 2025లో 50 సిరీస్‌తోనే వచ్చింది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో మాత్రం 11వ తరం నుంచే ఉంది, అదీ లోపలి గ్రాఫిక్స్‌లోనే. అందుకే పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్ చవగ్గా వస్తోందని కొనకండి, అందులో ఆ గ్రాఫిక్స్ ఉండదు.

నా మాట: ఐ5-12400, డీడీఆర్4 తీసుకునే హెచ్610 బోర్డు. రెండూ కలిపి 20 వేలు అటూ ఇటూ. మీ ర్యామ్, మీ డిస్క్, మీ క్యాబినెట్ అన్నీ అందులోకి వెళ్లిపోతాయి.

రాత్రి_రెండర్:
4:2:2 సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. అయినా 20 వేలు ఎందుకన్నా? ప్రాక్సీలు ఊరికే వస్తాయి. చిన్న సైజు కాపీలతో ఎడిట్ చేసుకుని, రెండర్ అప్పుడు అసలు ఫైల్ తగిలిస్తే సరి.

గోదారిగట్టు:
ఊరికే అంటే నవ్వొచ్చింది. ఆ ప్రాక్సీలు చేసేది ఎవరు? అదే ప్రాసెసర్. ఒక పెళ్లంటే రెండు కెమెరాలు, 300 జీబీ. నేను మూడేళ్లు అలాగే చేశాను. రాత్రి పెట్టి పడుకోవడం, పొద్దున లేచి చూస్తే కరెంటు పోయి యూపీఎస్ కూతపెట్టి చచ్చిపోయి ఉండటం. రిసెప్షన్‌లో ఎల్ఈడీ స్క్రీన్ మీద పెళ్లి హైలైట్స్ వేయాలనే పార్టీకి ప్రాక్సీ కథలు చెప్తే వింటారా?

అయితే కెమెరాలోనే ఒక దారి ఉంది. ఎక్స్ఏవీసీ ఎస్-ఐ, 25 ఫ్రేములకు మార్చండి. అందులో ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తి, కాబట్టి విప్పడం తేలిక. 250 మెగాబిట్లు, గంటకు 112 జీబీ. ఇప్పుడు మీకు గంటకు 90 అవుతోంది. స్లో మోషన్ కావాల్సిన చోట మాత్రం 50 పెట్టుకోండి.

డాలస్_బాబాయి:
ఇంత గొడవెందుకురా నాయనా. మ్యాక్ మినీ ఎం4 కొనుక్కో. 16 జీబీ, అరచేతిలో పట్టేంత డబ్బా, 4:2:2ని వెన్నలా కోస్తుంది. ఫ్యాన్ చప్పుడే వినపడదు.

సీటీసీ_రెగ్యులర్:
బాబాయ్ గారూ, పని విషయంలో మీరు చెప్పింది నూటికి నూరు నిజం. కానీ ఇండియాలో అది వచ్చినప్పుడే 59,900. లోపల 256 జీబీ, ఈయన ఒక పెళ్లికే నిండుతుంది. ఆయన చేతిలో ఉన్నది 30.

డాలస్_బాబాయి:
మూడు పెళ్లిళ్లు ఆగితే వచ్చేస్తుంది కదా.

తెనాలి_కెమెరా:
ఇప్పుడు మూఢం బాబాయ్ గారూ, ముహూర్తాలే లేవు.

రాత్రి_రెండర్:
ఇంకొకటి. అదే బోర్డులో 7వ తరం ఐ7-7700 పాతది దొరికితే? బయోస్ (బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే చాలు. 10 బిట్ కూడా విప్పుతుంది.

సీటీసీ_రెగ్యులర్:
10 బిట్ విప్పుతుంది, 4:2:2 విప్పదు. పైగా విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో 8వ తరం నుంచే. ఆ బోర్డు మీద పెట్టే ప్రతి రూపాయీ దానితోనే పోతుంది. ర్యామ్ మీద పెడితే మీతో వస్తుంది. అది కూడా ఆలస్యం చేయకండి, ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి.

తెనాలి_కెమెరా:
నిన్న మా బామ్మర్ది నిశ్చితార్థం ఎస్-ఐలో, 25 ఫ్రేముల్లో తీసి చూశాను. ప్లేబ్యాక్ క్వాలిటీ సగానికి తగ్గిస్తే ఒక్క కెమెరా ట్రాక్ ఆగకుండా నడిచింది. రెండోది పైన పెట్టి కలర్ వేసేసరికి మళ్లీ మొదటికొచ్చింది. ఇంకో 8 జీబీ ర్యామ్ ఈ వారమే తీసుకుంటాను. 12400, బోర్డు మూఢం పోయాక, మొదటి అడ్వాన్స్ చేతికొచ్చాక. అప్పటిదాకా ఎస్-ఐ, ఒకే ట్రాక్. జీటీ 710 ఎవరికైనా కావాలంటే చెప్పండి, కొరియర్ ఖర్చు పెట్టుకుంటే పంపిస్తాను.

గోదారిగట్టు:
మా అబ్బాయి టైపింగ్ నేర్చుకునే సిస్టమ్‌కి డిస్‌ప్లే పోయింది. నాకు పంపండి. 4కె కార్డని మాత్రం వాడితో చెప్పను.