ఆసుపత్రిలో పొగ ఆపించడం ఎలా? బోర్డులతో పని జరగడం లేదు

ఒంగోలు_అడ్మిన్:
ఒంగోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అడ్మిన్ పని చూస్తాను. ప్రతి ఫ్లోర్‌లో ‘పొగ తాగరాదు’ బోర్డు ఉంది, అయినా తెల్లారేసరికి వెనక మెట్ల మీద బీడీ ముక్కలే. పేషెంట్లతో వచ్చేవాళ్లలో కొండపి, టంగుటూరు వైపు పొగాకు రైతులు ఎక్కువ, చెప్పబోతే "మేం పండించిందే కదయ్యా" అంటారు, ఏం మాట్లాడతాం! ఇప్పుడు మేనేజ్‌మెంట్ వాళ్లు టెర్రస్ మీద స్మోకింగ్ రూమ్ కట్టేద్దాం, గొడవ వదిలిపోద్ది అంటున్నారు. మీ దగ్గర ఏం చేస్తున్నారు?

కావలి_మెడికల్స్:
రూమ్ సంగతి మర్చిపోండి సార్. 2008 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్న రూల్స్‌లో ఆ వెసులుబాటు 30 గదులు, ఆపైన ఉన్న హోటళ్లకి, 30 సీట్లు, ఆపైన ఉన్న రెస్టారెంట్లకి, ఎయిర్‌పోర్టులకే. తాగినవాడికి ఫైన్ 200 దాకా. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోకపోతే ఎంతమంది తాగారో అన్ని ఫైన్లూ బాధ్యుల మీదే పడతాయి, ఈ ముక్క మీ మేనేజ్‌మెంట్ చెవిన వేయండి. ఇంకోటి, ఎవరికి ఫిర్యాదు చేయాలో ఆ మనిషి పేరు బోర్డు మీద ఉండాలి. మీ బోర్డు మీద ఉందా?

నెల్లూరు_సిస్టర్:
ముందు మీ స్టాఫ్ ఎక్కడ తాగుతున్నారో చూడండి. నేను ఇంతకుముందు చేసినచోట డ్యూటీ డాక్టరు జనరేటర్ షెడ్డు పక్కన తాగేవాడు, అగ్గిపెట్టె ఇచ్చేది సెక్యూరిటీ అతనే, ఇంక పేషెంట్ మనుషులకి ఎవరు చెప్తారు? వార్డులో చట్టం, ఫైన్ అంటే ఎదురు తిరుగుతారు. "లోపల ఆక్సిజన్ లైన్ ఉంది పెద్దాయనా, నిప్పు పడితే ఆపలేం" అంటే మాత్రం చాలామంది ఆర్పేస్తారు. మానాలనుకునేవాళ్లకి 1800-11-2356 నంబరు రాసివ్వండి, ఫ్రీ కాల్.

కందుకూరు_కుర్రోడు:
నేను తాగేవాణ్ణే, తిట్టుకోకండి. మా నాయన ఐసీయూలో ఉన్నప్పుడు గేటు దాటి పోదామంటే టెన్షన్, ఆ ఐదు నిమిషాల్లోనే లోపలినుంచి పిలిస్తే? అందుకే అందరం మెట్ల మీదే. "నీ నంబరు ఇచ్చి పో, పిలుపొస్తే ఫోన్ చేస్తాం" అని సిస్టర్ ఒక్కమాట అనుంటే బయటికే పోయేవాళ్లం.

ఒంగోలు_అడ్మిన్:
తమ్ముడూ, ఇది మాకెవరికీ తట్టలేదు. రేపే నర్సింగ్ స్టేషన్లో నంబర్ల పుస్తకం పెట్టిస్తా. బోర్డు మీద నా పేరూ, నైట్ సూపర్‌వైజర్ పేరూ రాయిస్తా. స్టాఫ్ విషయమే సిస్టర్, మా ఎండీ గారే రోజుకో పెట్టె కాలుస్తారు, ఆయనకి ఎవరు చెప్పాలో అదీ చెప్పండి.