కిడ్నీ కోలుకుంటున్నప్పుడు ఒక్కపూట భోజనం మంచిదేనా?

నమస్కారం. మాది గుంటూరు. నాన్నగారు మిర్చి యార్డులో గుమాస్తా. కీళ్లవాతం ఉంది, నొప్పులకి డైక్లోఫెనాక్ వేసుకుంటూ ఉండేవారు. మే నెల ఎండలో వడదెబ్బ తగిలి ఉన్నట్టుండి మూత్రం తగ్గిపోయింది. క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం) 4 దాటింది. డయాలసిస్ అవసరం రాకుండానే 1.8కి దిగింది.

ఇప్పుడు మా బాబాయి రోజుకి ఒక్కపూటే తినమని పట్టుబడుతున్నాడు. ఆకలితో ఉంటే ఆటోఫజీ పెరిగి, కణాలు తమలో పాడైన భాగాలను తామే కరిగించి మళ్లీ వాడుకుంటాయని, 2016లో జపాన్ శాస్త్రవేత్త ఒసుమికి నోబెల్ వచ్చింది దీనికేనని అంటాడు. అంతవరకూ నిజమే.

నేనూ కొంత చదివాను. కిడ్నీలో ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ (వడపోత తర్వాత వచ్చే గొట్టంలో మొదటి భాగం) కణాలకి మైటోకాండ్రియాలు, అంటే శక్తిని తయారుచేసే భాగాలు, ఎక్కువ, రక్తం అందకపోతే బాగా దెబ్బతినేవి అవే. ఎలుకల్లో ఆ కణాల నుంచి ఆటోఫజీకి అవసరమైన ఏటీజీ5 జన్యువు తీసేస్తే గాయం ఇంకా ముదిరింది. అంటే ఆటోఫజీ కాపాడుతోందన్నమాట. కానీ ఆహారం తగ్గించి ఫలితం చూసిన ఎలుకల ప్రయోగాల్లో, నేను చదివినవాటిలో, గాయానికి ముందే తగ్గించారు. నాన్నగారికి గాయం అయిపోయింది! పైగా తర్వాత కూడా ఆటోఫజీ ఆగకుండా సాగితే కిడ్నీలో ఫైబ్రోసిస్ (మచ్చలా గట్టిపడటం) పెరగవచ్చని కొందరు, తగ్గుతుందని కొందరు రాశారు. నాకు టెన్షన్ అక్కడే.

నెఫ్రాలజీ తెలిసినవారు దయచేసి చెప్పండి. ఈ దశలో పస్తులుంటే మేలా, లేక నీళ్లు, ప్రోటీన్ తగ్గి మళ్లీ మొదటికొస్తుందా? కీళ్లవాతానికి ఆయన వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆటోఫజీని అడ్డుకుంటుందట, దాని గురించి డాక్టరుగారిని ఏమని అడగాలి?