రెక్సిన్ బ్యాగులకు వాకింగ్ ఫుట్ మిషన్: ఫ్లాట్‌బెడ్డా, సిలిండర్ బెడ్డా?

నా దగ్గర ఇప్పుడున్నది క్లచ్ మోటారుతో నడిచే మామూలు సింగిల్ నీడిల్ (ఒకే సూది) పవర్ కుట్టు మిషన్. 1 మి.మీ. రెక్సిన్ రెండు మడతల వరకూ బాగానే కుడుతుంది. హ్యాండిల్ అతికే చోట నాలుగు మడతలు, పైన నైలాన్ పట్టీ కలిసి 6 మి.మీ. అవుతుంది. సరిగ్గా అక్కడే రెండు మూడు కుట్లు తప్పిపోతున్నాయి. చక్రం చేత్తో తిప్పితే మాత్రం పడుతున్నాయి. పొడుగు కుట్టులో ఇంకో తంటా. ముక్కను ముందుకు జరిపే కింది పళ్ళు కింది పొరనే లాగుతాయి, పైది ఫుట్‌కి (పైనుంచి నొక్కిపెట్టే పాదానికి) అతుక్కుంటుంది కాబట్టి 40 సెం.మీ.కి 8 మి.మీ. పై ముక్క మిగిలిపోతోంది.

సూది 18 నుంచి 21 నంబరుకు మార్చాను. హుక్ టైమింగ్ (సూది దారాన్ని కింద హుక్ అందుకునే సమయం) మెకానిక్‌తో సరిచేయించాను, తేడా లేదు. టెఫ్లాన్ ఫుట్‌తో జారుడు 3 మి.మీ.కి తగ్గింది, పోలేదు. ఫుట్ ప్రెషర్ పెంచితే రెక్సిన్ అడుగున పళ్ళ అచ్చు పడింది, అది ఇక చెరగదు.

అందుకే సూది, ఫుట్, పళ్ళు మూడూ కలిసి కదిలే వాకింగ్ ఫుట్ మిషన్, సర్వో మోటారుతో (వేగం బాగా తగ్గించి నడపగలిగేది), సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు వెతుకుతున్నాను. దారం టెక్స్ 70 మందం బాండెడ్ నైలాన్. పనిలో సగం తిన్నటి ప్యానెళ్ళు, సగం పైపింగ్ వేసిన గుండ్రటి అడుగు మూలలు. కొనేది ఒక్కటే: చదునైన బల్ల ఉండే ఫ్లాట్‌బెడ్డో, గుండ్రటి మూలలు చుట్టూ తిప్పడానికి వీలుగా సన్నటి చెయ్యిలా ఉండే సిలిండర్ బెడ్డో. సిలిండర్ బెడ్‌కి విడిగా బల్ల బిగించి తిన్నటి పనికీ వాడుతున్నవాళ్ళు చెప్పండి: రోజంతా పెద్ద ప్యానెళ్ళు కుట్టినా కుట్టు వంకర పోకుండా నిలుస్తుందా?